భార్యాపిల్లలతో కెనడా పీఆర్: నల్లగొండ, పాలమూరు కుటుంబాలు ఏ పని ముందు చేయాలి

కెనడా శాశ్వత నివాసానికి, అంటే అందరూ పీఆర్ అని పిలిచే దానికి, ప్రయత్నం మొదలుపెట్టగానే చాలామంది ఐఈఎల్‌టీఎస్ అనే ఇంగ్లిష్ పరీక్ష కోచింగ్‌లో చేరతారు. ఒంటరిగా వెళ్లేవారికి ఆ వరస సరిపోతుంది. పెళ్లయి పిల్లలున్నవారికి మాత్రం నేను చెప్పేది వేరు: ముందు బీరువా తెరిచి ఇంట్లో ఉన్న కాగితాలన్నీ బయట పెట్టండి. పరీక్ష స్కోరు రెండేళ్లే చెల్లుతుంది. ఆహ్వానం వచ్చాక పూర్తి దరఖాస్తు వేయడానికి 60 రోజులే ఇస్తారు. కొడుకు జనన ధ్రువపత్రంలో పేరే రాయలేదని ఆ 60 రోజుల్లో తెలిస్తే ఎంత మంచి స్కోరున్నా ఆదుకోదు. మన జిల్లాల కుటుంబాలకు ఆలస్యమయ్యేది ఎక్కువగా పంచాయతీ, మున్సిపాలిటీ, సబ్ రిజిస్ట్రార్ కాగితాల దగ్గరే.

ఇక్కడ చెప్పేది ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ గురించి. అందులోనూ మన దేశంలో ఉంటూ, ఇక్కడి ఉద్యోగ అనుభవంతో వేసే ఫెడరల్ స్కిల్డ్ వర్కర్ దరఖాస్తు గురించి. 2015 జనవరి నుంచి ఉన్న ఈ పద్ధతిలో ముందు ఆన్‌లైన్‌లో ప్రొఫైల్ పెట్టాలి. పాయింట్ల వరసలో పైన ఉన్నవారికి ఆహ్వానం వస్తుంది. అసలు దరఖాస్తు ఆ తర్వాతే.

కుటుంబంలో ఎవరు లెక్కకు వస్తారు

భార్య లేదా భర్త, 22 ఏళ్లు నిండని పెళ్లికాని పిల్లలు. కెనడా చట్టం దృష్టిలో మీపై ఆధారపడిన కుటుంబం ఇంతే. మీ భాగస్వామికి మొదటి పెళ్లి వల్ల కలిగిన పిల్లలు కూడా ఇందులోకి వస్తారు. 22 దాటిన కొడుకు ఇంకా బీటెక్ చదువుతూ మీ డబ్బుతోనే బతుకుతున్నా లెక్కలోకి రాడు. శారీరక లేదా మానసిక సమస్య వల్ల 22 ఏళ్లకు ముందు నుంచీ మీపైనే ఆధారపడినవారికి మాత్రం మినహాయింపు ఉంది. ఇరవై ఏళ్లకే పెళ్లి చేసిన కూతురు కూడా ఈ లెక్కలో ఉండదు.

పిల్లల వయసును ప్రొఫైల్ పెట్టిన రోజున చూడరు. ఆహ్వానం వచ్చాక పూర్తి దరఖాస్తు అందిన రోజు ఎంత వయసుందో అదే ఖాయం. పెద్దపిల్లకు ఇప్పటికే 20 దాటి ఉంటే మీ ప్రణాళిక అంతా ఆమె పుట్టినరోజును ముందు పెట్టుకుని వేయండి.

అమ్మానాన్నలను ఈ దరఖాస్తులో చేర్చే వీలు లేదు. ఒక్కడే కొడుకైన ఇంట్లో ఇది చాలా బరువైన విషయం, అందుకే మొదటి రోజే ఇంట్లో కూర్చుని మాట్లాడుకోవాలి. మీరు అక్కడ స్థిరపడి తగిన ఆదాయం చూపగలిగితే వారిని సూపర్ వీసా మీద పిలిపించుకోవచ్చు, దానిపై ఒక్కో రాకకు ఐదేళ్ల దాకా ఉండనిస్తారు. తల్లిదండ్రులను శాశ్వతంగా తెచ్చుకునే స్పాన్సర్‌షిప్ వేరే ఉంది కానీ అందులో అవకాశాలు పరిమితం. అది తప్పక దొరుకుతుందని నమ్మి పొలం, ఇల్లు అమ్ముకోవద్దు.

అన్నిటికన్నా గట్టిగా పట్టుకోవాల్సిన నియమం ఇది: మీతో వస్తున్నా రాకపోయినా భార్యను, పిల్లలందరినీ దరఖాస్తులో చూపించాలి. ఖర్చు తగ్గుతుందనో, విడిగా ఉంటున్నామనో, మొదటి భార్య దగ్గరున్న బిడ్డ కదా అనో ఎవరి పేరైనా వదిలేస్తే తర్వాత వారిని స్పాన్సర్ చేసే దారి మూసుకుపోతుంది. రానివారికి కూడా వైద్య పరీక్ష తప్పదు. భార్య రావడం లేదని చూపితే పాయింట్లు ఒంటరి లెక్కలో పడి పెరుగుతాయని కొందరు ఏజెంట్లు చెబుతారు. ఆమె నిజంగానే వెంట రాకపోతే అది నిజాయితీ గల దరఖాస్తు. పాయింట్ల కోసం అలా రాసి వెనకే తీసుకెళ్లాలనుకుంటే అధికారి కారణం అడుగుతాడు. అబద్ధమని తేలితే ఐదేళ్ల పాటు కెనడా తలుపు మూసేస్తారు.

ఇంటి కాగితాలు

పెళ్లితో మొదలుపెట్టండి. శుభలేఖ, ఫొటోల ఆల్బమ్ సరిపోవు. పెళ్లయి పదేళ్లైనా సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో హిందూ వివాహ చట్టం కింద నమోదు చేయించుకోవచ్చు. శుభలేఖ, పెళ్లి ఫొటో, ఇద్దరి వయసు, చిరునామా రుజువులు, సాక్షులు సిద్ధంగా ఉండాలి. ముస్లిం కుటుంబాలు ఉర్దూ నిఖానామాతో పాటు వక్ఫ్ బోర్డు ఇచ్చే ఇంగ్లిష్ ధ్రువపత్రం తీసుకుంటే అనువాదం గొడవ తగ్గుతుంది.

ఇద్దరిలో ఎవరికైనా ఇది రెండో పెళ్లైతే మొదటి పెళ్లి ఎలా ముగిసిందో కాగితంతో చూపాలి. ఊళ్లో పెద్దమనుషులు కూర్చుని రాయించిన విడాకుల కాగితం మీద ఆధారపడొద్దు, కోర్టు డిక్రీ తీసుకోండి. ఆ పెళ్లి వల్ల కలిగిన మైనరు బిడ్డను వెంట తీసుకెళ్లాలంటే వెంట రాని తల్లి లేదా తండ్రి సమ్మతి పత్రం, లేదా బిడ్డ మీ సంరక్షణలో ఉందని కోర్టు ఇచ్చిన ఉత్తర్వు కావాలి. ఇలాంటి విషయం ఉన్న ఇంటివారు మిగతా అన్నిటికంటే ముందు దీన్ని తేల్చుకోవాలి, ఎందుకంటే కోర్టు పని మీరు అనుకున్న తేదీకి అవదు.

పిల్లల జనన ధ్రువపత్రం దగ్గర ఒక స్థానిక చిక్కు ఉంది. మన దగ్గర తొలి కాన్పు పుట్టింట్లో జరగడం ఆనవాయితీ. జననం నమోదయ్యేది బిడ్డ పుట్టిన ఊళ్లో. మీరు దేవరకొండలో ఉంటున్నా, భార్య పుట్టిల్లు వనపర్తి అయి అక్కడి ఆసుపత్రిలో కాన్పైతే రికార్డు వనపర్తి మున్సిపాలిటీలో వెతకాలి. రెండో బిడ్డ నల్లగొండలోనో హైదరాబాద్‌లోనో పుట్టి ఉండవచ్చు. ఇద్దరు పిల్లలవి రెండు వేర్వేరు కార్యాలయాల కాగితాలని ముందే రాసిపెట్టుకోండి.

ధ్రువపత్రం చేతికొచ్చాక మూడు విషయాలు చూడండి. బిడ్డ పేరు రాసి ఉందా? చాలా పాత ధ్రువపత్రాల్లో పేరు గడి ఖాళీగా ఉంటుంది, పేరు చేర్పించుకోవాలి. తల్లిదండ్రుల పేర్లు పాస్‌పోర్టుల్లో ఉన్నట్టే ఉన్నాయా? పుట్టిన తేదీ బడిలో రాయించిన తేదీతో సరిపోతుందా? అసలు నమోదే కాలేదని తేలితే పంచాయతీ లేదా మున్సిపాలిటీ నుంచి రికార్డు లేదన్న ధ్రువపత్రం తీసుకుని, ఏడాది దాటిన జననాలకు ఆర్డీవో ఉత్తర్వుతో ఆలస్య నమోదు చేయించాలి. మీ సేవలో దరఖాస్తు పెట్టడం తేలిక. విచారణ పూర్తయి ఉత్తర్వు రావడానికి సమయం పడుతుంది.

పేర్ల సంగతి. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పొడి అక్షరంగా, పాస్‌పోర్టులో పూర్తిగా, ఆధార్‌లో చివరన ఉండడం మనకు మామూలే. లక్ష్మి అన్న పేరును ఒకచోట ఎక్స్‌తోనూ ఇంకోచోట కే, ఎస్, హెచ్‌లతోనూ రాస్తారు. అన్నీ మార్చుకోనక్కర్లేదు. పాస్‌పోర్టును ఆధారంగా పెట్టుకుని ఐఈఎల్‌టీఎస్, డిగ్రీ మదింపు (మన డిగ్రీ కెనడాలో ఏ చదువుకు సమానమో చెప్పే నివేదిక), బ్యాంకు ఖాతా దానికి సరిపోయేలా చూసుకోండి. మారని పాత కాగితాలకు ఈ పేర్లన్నీ ఒకే మనిషివని నోటరీ అఫిడవిట్, ఒక చిన్న వివరణ లేఖ జతచేయండి. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్నవారు పరీక్షకు పేరు నమోదు చేసుకోకముందే దాన్ని సరిచేయించుకోవడం మంచిది. భార్య పాస్‌పోర్టులో పుట్టింటి ఇంటిపేరే ఉన్నా అభ్యంతరం లేదు, వివాహ ధ్రువపత్రం ఆ బంధాన్ని చూపిస్తుంది.

తెలుగులోనో ఉర్దూలోనో మాత్రమే ఉన్న ప్రతి కాగితానికి ఇంగ్లిష్ అనువాదం, అనువాదకుడి అఫిడవిట్ ఉండాలి. ఇంట్లోవాళ్లు చేసిన అనువాదం చెల్లదు.

ప్రధాన దరఖాస్తుదారు మీరా, మీ భార్యా?

మగవాడి పేరు మీదే వేయాలన్న నియమం ఎక్కడా లేదు. ఇద్దరి పేరున విడివిడిగా పాయింట్లు లెక్కవేసి చూడకుండా ముందుకెళ్లొద్దు. భాగస్వామితో కలిసి వేసేవారికి వయసు కింద గరిష్ఠంగా 100 పాయింట్లు వస్తాయి. 20 నుంచి 29 ఏళ్ల మధ్య పూర్తిగా ఇస్తారు, 30 నుంచి తగ్గుతూ 45కి సున్నా అవుతాయి. భర్తకు 34, భార్యకు 30 అనుకోండి. ఆయనకు వయసు కింద 75, ఆమెకు 95. ఆమె బీఎస్సీ నర్సింగ్ చదివి ఆసుపత్రిలో పనిచేస్తుంటే ఆరోగ్య రంగానికి విడిగా తీసే డ్రాల్లో, అంటే ఆహ్వానాలు ఇచ్చే విడతల్లో, కూడా నిలబడే అవకాశం ఉంది. 2023 నుంచి ఇలా రంగాల వారీగా ఆహ్వానాలు ఇస్తున్నారు.

భాగస్వామికి విడిగా 40 పాయింట్ల దాకా ఉంటాయి: చదువుకు 10, భాషకు 20, కెనడాలో చేసిన పనికి 10. ఇక్కడి నుంచి వేసేవారికి చివరి పది రావు, మిగిలిన ముప్పై అందుకోవచ్చు. ఇంట్లో ఉంటున్నాను, నాకెందుకు పరీక్ష అనే మాట భార్యల నోట తరచూ వినబడుతుంది. ఆమె ఐఈఎల్‌టీఎస్‌లో ప్రతి విభాగానికీ ఐదేసి పాయింట్లున్నాయి. రెండు మూడు పాయింట్ల తేడాతో ఆహ్వానం తప్పిపోయే పోటీలో అవి చిన్నవి కావు. పరీక్ష కోసం ఆమెకు రోజూ రెండు గంటలు దొరికేలా ఇంటి పని, పిల్లల పని పంచుకోవడం కూడా ఈ దరఖాస్తులో భాగమే అని నా గట్టి అభిప్రాయం.

నిజం చెప్పాలంటే పోటీ తీవ్రంగా ఉంది. 2024లో సాధారణ డ్రాల కటాఫ్ 500 దాటింది. ఫ్రెంచ్ తెలిసినవారికి 2025 మార్చిలో ఒక డ్రా 379కే ఆగింది. మొదటి పరీక్షలోనే తక్కువ వచ్చిందని నిరుత్సాహపడేకంటే భాషపై ఇంకో ఏడాది పెట్టడం లాభం.

పరీక్ష, డిగ్రీ, ఉద్యోగ లేఖ

ఐఈఎల్‌టీఎస్‌లో జనరల్ ట్రైనింగ్ రాయాలి, అకడమిక్ పనికిరాదు. ఫెడరల్ స్కిల్డ్ వర్కర్ అర్హతకు ప్రధాన దరఖాస్తుదారుకు నాలుగు విభాగాల్లోనూ కనీసం 6.0 ఉండాలి. పాయింట్లు గణనీయంగా పెరిగేది లిజనింగ్‌లో 8, మిగతా మూడింటిలో 7 చేరినప్పుడు. దీంతోపాటు వయసు, చదువు, అనుభవం, భాష వగైరాలకు 100కి 67 పాయింట్ల అర్హత లెక్క వేరే ఉంది. అది దాటితేనే ప్రొఫైల్ పెట్టగలరు.

డిగ్రీ మదింపు నివేదిక ఐదేళ్లు చెల్లుతుంది కాబట్టి ముందుగా చేయించుకోవచ్చు. నల్లగొండ మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం 2007లో, పాలమూరు విశ్వవిద్యాలయం 2008లో ఏర్పడ్డాయి. అంతకుముందు ఇక్కడి కళాశాలల్లో చదివినవారిలో చాలామంది డిగ్రీలు ఉస్మానియావి. మీ మెమో పైన ఏ విశ్వవిద్యాలయం పేరుందో చూసి ఆ పరీక్షల విభాగానికే వెళ్లండి. ప్రొవిజినల్‌తో సరిపెట్టుకుని ఒరిజినల్ డిగ్రీ తెచ్చుకోనివారు చాలామంది ఉంటారు. భార్యాభర్తలిద్దరిదీ ఒకేసారి అడిగి తెచ్చుకోండి.

గత పదేళ్లలో కనీసం ఒక ఏడాది నిరంతరాయంగా, వారానికి 30 గంటల జీతం పని చేసి ఉండాలి. కంపెనీ లెటర్‌హెడ్‌పై హోదా, తేదీలు, వారానికి గంటలు, జీతం, చేసిన పనుల వివరం, సంతకం, ఫోన్ నంబరు ఉన్న లేఖ కావాలి. హోదా ఒక్కటే రాసిన లేఖ పనికిరాదు, అధికారి పోల్చి చూసేది చేసిన పనులను. ప్రైవేటు జూనియర్ కళాశాలలు, చిన్న ఆసుపత్రులు, మిల్లుల్లో జీతం చేతికిచ్చే పద్ధతి ఇంకా ఉంది. అలాంటి చోట పనిచేస్తున్నవారు ఈ నెల నుంచే జీతం బ్యాంకులో పడేలా అడగండి.

డబ్బు చూపడం

ఇందులో మన ఆస్తుల లెక్కకూ కెనడా లెక్కకూ పొంతన కుదరదు. పట్టాదారు పాస్‌పుస్తకంలో పదెకరాలున్నా, హైవే పక్కన ప్లాటున్నా, బీరువా నిండా బంగారం ఉన్నా నిధుల రుజువు కింద లెక్కకు రావు. మీ పేరున బ్యాంకులో, అవసరమైనప్పుడు తీయగలిగేలా ఉన్న డబ్బునే చూస్తారు. 2025 జులైలో ప్రకటించిన ప్రకారం నలుగురి కుటుంబానికి 28,362 కెనడా డాలర్లు ఉండాలి, అప్పటి మారకం ధరలో దాదాపు 17–18 లక్షల రూపాయలు. ముగ్గురికి 23,360. వెంట రాని భార్యను, బిడ్డను కూడా ఈ లెక్కలో కలపాలి. ఏటా ఈ మొత్తాలు మారతాయి, కాబట్టి లక్ష రెండు లక్షలు ఎక్కువే ఉంచండి.

బ్యాంకు లేఖలో ఖాతా తెరిచిన తేదీ, ప్రస్తుత నిల్వ, గత ఆరు నెలల సగటు నిల్వ, మీకున్న అప్పులు ఉండాలి. ఆ సగటు దగ్గరే చాలామంది తట్టుకుంటారు. నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చి నెల రోజులు ఖాతాలో పెట్టిన డబ్బు సగటులో బయటపడుతుంది. పైగా అప్పు తెచ్చిన డబ్బు చూపడం నిషిద్ధం. చిట్టీ ఎత్తి ఇంకా వాయిదాలు కడుతుంటే ఆ సొమ్మును కూడా సొంతమని చూపడం కష్టమే.

ప్లాటు అమ్మి చూపాలనుకుంటే ఆహ్వానం వచ్చాక పరుగెత్తకండి. అమ్మకం డబ్బు రిజిస్ట్రేషన్ దస్తావేజులో రాసినంతా చెక్కుతోనో ఆన్‌లైన్‌లోనో ఖాతాకు రావాలి. సగం నగదు, సగం చెక్కు అనే పద్ధతిలో అమ్మితే నగదు భాగానికి మూలం చూపలేరు. తండ్రి ఇస్తున్న డబ్బైతే తిరిగి ఇవ్వనక్కర్లేదని రాసిన బహుమతి పత్రం, ఆయన ఖాతా వివరాలు, ఆయనకు ఆ డబ్బు ఎలా వచ్చిందో చెప్పే కాగితం మూడూ కలిపి పెట్టండి.

ఫీజు వేరు. 2024 ఏప్రిల్ 30న సవరించిన ధరల్లో భార్యాభర్తలకు చెరి 1,525 డాలర్లు, ఒక్కో బిడ్డకు 260, కుటుంబం మొత్తానికి బయోమెట్రిక్స్ 170. ఆ ధరల్లో ఇద్దరు పిల్లలున్న ఇంటికి 3,740 డాలర్లు అయ్యేది. రెండేళ్లకోసారి ఈ ధరలను సవరిస్తారు, కట్టే రోజున అధికారిక సైట్‌లో చూసుకోండి.

ప్రొఫైల్ నుంచి దరఖాస్తు దాకా

ప్రొఫైల్ ఏడాది పాటు ఉంటుంది. అందులో రాసినదానికీ తర్వాత పెట్టే కాగితాలకూ ఒక్క తేదీ కూడా తేడా రాకూడదు. పదేళ్ల చరిత్ర అడిగినప్పుడు ఖాళీ నెలలు వదలొద్దు. ఉద్యోగం లేకుండా ఊళ్లో ఉన్న కాలాన్ని కూడా అలాగే రాయండి, తప్పేమీ లేదు.

2025 ఆగస్టు 21 నుంచి వైద్య పరీక్ష దరఖాస్తుకు ముందే చేయించుకోవాలి. కెనడా ఆమోదించిన ప్యానెల్ వైద్యుల దగ్గరే చెల్లుతుంది, వారు హైదరాబాద్‌లో ఉన్నారు. చంటిబిడ్డతో సహా అందరూ వెళ్లాలి. ఎక్స్‌రే 11 ఏళ్లు నిండినవారికి, రక్త పరీక్ష 15 నిండినవారికి. గతంలో క్షయ వచ్చి తగ్గినవారు పాత చికిత్స కాగితాలు తీసుకెళ్లండి. ఎక్స్‌రేలో మచ్చ కనిపిస్తే అదనపు పరీక్షలకు వారాలు పడుతుంది. మర్రిగూడ, మునుగోడు వైపు ఫ్లోరోసిస్ ఉన్న కుటుంబాలూ, దివ్యాంగులైన పిల్లలున్న తల్లిదండ్రులూ దాన్ని దాచాలని చూడొద్దు. చికిత్సకు ప్రభుత్వానికి అయ్యే ఖర్చు ఎంతన్నదే అక్కడి పరిశీలన. 2018లో ఆ పరిమితిని పెంచి, ప్రత్యేక విద్య ఖర్చును లెక్క నుంచి తీసేశారు.

పోలీసు క్లియరెన్స్ 18 నిండిన ప్రతి ఒక్కరికీ కావాలి. పాస్‌పోర్టు సేవ సైట్‌లో దరఖాస్తు చేయండి. గత పదేళ్లలో దుబాయ్‌లోనో మస్కట్‌లోనో వరుసగా ఆరు నెలలు ఉండి ఉంటే అక్కడి పోలీసు ధ్రువపత్రం కూడా కావాలి. దానికి ఎక్కువ సమయం పడుతుంది, కాబట్టి ప్రొఫైల్ పెట్టిన వారమే మొదలుపెట్టండి.

వేసిన తర్వాత

మధ్యలో ఇంట్లో బిడ్డ పుడితే వెంటనే తెలియజేయాలి. జనన ధ్రువపత్రం, పాస్‌పోర్టు, ఫీజు, వైద్య పరీక్ష పూర్తయ్యేదాకా ఫైలు కొంత ఆగుతుంది. ఆగితే ఆగనివ్వండి, చెప్పకుండా వెళ్లడం మాత్రం వద్దు. ఉద్యోగం, చిరునామా, పాస్‌పోర్టు మారినా చెప్పాలి.

హైదరాబాద్‌లో ఎవరికైనా డబ్బు కట్టి పని అప్పగించే ముందు ఆ వ్యక్తి కెనడా కాలేజ్ ఆఫ్ ఇమిగ్రేషన్ అండ్ సిటిజన్‌షిప్ కన్సల్టెంట్స్ సభ్యుడో, అక్కడి న్యాయవాదో జాబితాలో చూసుకోండి. ఆ సభ్యుల జాబితా ఆన్‌లైన్‌లో ఉంది. దరఖాస్తులో తన పేరు రాయొద్దని చెప్పే ఏజెంటును నమ్మొద్దు. మీ ఖాతా పాస్‌వర్డు మీ దగ్గరే ఉండాలి, పెట్టిన ప్రతి కాగితం మీరు చదవాలి. ఆయన పెట్టిన దొంగ లేఖకు ఐదేళ్ల నిషేధం పడేది మీ కుటుంబం మీద.

ఆమోదం వచ్చాక ప్రధాన దరఖాస్తుదారు ముందుగా లేదా కుటుంబంతో కలిసి దిగాలి. భార్యాపిల్లలు ముందు వెళ్లడం కుదరదు. పత్రంలో రాసిన గడువు లోపు అందరూ చేరాలి. పిల్లల వార్షిక పరీక్షలను, ఆ గడువును పక్కపక్కన పెట్టుకుని టికెట్లు కొనండి. వెళ్లాక 180 రోజుల్లో అక్కడి చిరునామా ఇస్తే పీఆర్ కార్డులు పోస్టులో వస్తాయి. హోదా నిలవాలంటే ప్రతి ఐదేళ్లలో 730 రోజులు అక్కడ ఉండాలి, పిల్లలకూ ఇదే లెక్క. చంటిబిడ్డను అమ్మమ్మ దగ్గర వదిలి వెళ్లాలనుకునే దంపతులు ఈ రోజుల లెక్కను ముందే వేసుకోవాలి.